అంచులు అతికించిన చేతులు

మొన్న వానల్లో తెల్లాపూర్‌లోని మా ఫ్లాట్‌లో సింకు కింది అల్మరా తలుపు అంచు ఊడిపోయింది. చెక్కపొట్టును అదిమి చేసే బోర్డు తలుపు అది. పైన మైకా ఎంత మెరిసినా పక్కనుంచి చూస్తే లోపలి పొట్టు బయటపడుతుంది. అది కనపడకుండా, నీళ్ళు పీల్చుకోకుండా అంచు వెంట సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి అతికిస్తారు. ఆ పట్టీ లేచి, పొట్టు నాని, తలుపు చివర బూరెలా ఉబ్బింది. బాగుచేయడానికి వచ్చిన నడివయసు మనిషి సామాను సంచి దించి, వంటింటి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, జిగురు డబ్బా మూత తీశాడు. పెట్రోలులా ఘాటుగా, ఆ ఘాటు వెనకే మగ్గిన పండులా కాస్త తియ్యగా ఉండే వాసన. నేను లేచి కిటికీలన్నీ తెరిచాను. ఫ్యాన్లన్నీ వేశాను. అది చాలదనిపించి, తలుపు ఊడదీసి బాల్కనీలోకి తెచ్చుకుని పని చేసుకోమని ఆయన్ను బతిమాలాను. ఈవిడకు వాసన పడదు కాబోలు అనుకుని పాపం ఆయన ఒప్పుకున్నాడు. పట్టీ అతికించి వెళ్ళబోతుంటే, చేతులకు స్పర్శ బాగానే తెలుస్తోందా అని అడిగాను. ఆయన తన చేతులు రెండూ తిప్పి చూసుకుని, బాగనే ఉన్నయి మేడం అని, నావైపు ఒకసారి అనుమానంగా చూసి లిఫ్టు ఎక్కాడు. ఇంట్లోవాళ్ళు నవ్వారు. వాళ్ళకు మా బావ సంగతి తెలుసు గానీ, ఆ వాసన తెలియదు.

మా బావంటే మా అక్క భర్త. తొంభైల చివర్లో నేను బీఈడీ చదవడానికి కోస్తా నుంచి హైదరాబాదు వచ్చి వాళ్ళింట్లోనే ఉన్నాను. అక్క ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. బావ మెదక్ వైపు పల్లెలో పుట్టిన వడ్రంగి. ఉలి జారి బొటనవేలు తెగితే కుట్లు వేయించుకోవడానికి వెళ్ళి, కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళి, కుట్లు బాగానే ఉన్నాయో లేదో చూపించుకోవడానికి మరికొన్నాళ్ళు వెళ్ళి, చివరకు అక్కను పెళ్ళి చేసుకున్నాడు. మేము చర్చికి పోయే వాళ్ళం, వాళ్ళు ఎల్లమ్మను కొలిచే వాళ్ళు. రెండు వైపులా కొంతకాలం మాటల్లేవు. తర్వాత మా అమ్మే వచ్చి, అల్లుడు చేసిచ్చిన పీటల మీద కూర్చుని, ఇన్నేళ్ళలో నన్నింత సుఖంగా ఎవరూ కూర్చోబెట్టలేదంది. ఆదివారం బావ అక్కను చర్చి దగ్గర దించి తను బయటే ఉండేవాడు. ఎప్పుడైనా లోపలికి వస్తే ప్రార్థన సాగుతున్నంత సేపూ ముందున్న బెంచీ అంచు వేలితో తడిమి చూస్తుండేవాడు. ఆ బెంచీ చేసినవాడికి దేవుడంటే భయం లేదు అని ఒకసారి నా చెవిలో అన్నాడు. నేను పకపకా నవ్వితే అక్క మా ఇద్దరికీ తొడపాశం పెట్టింది.

మూసాపేటలో ఒక ఇంటి పెరట్లో వరసగా కట్టిన గదుల్లో ఒకదాంట్లో మేముండేవాళ్ళం. పక్క గదిలోనే బావ జోడీ ఉండేవాడు. జోడీ అంటే ఆయన పనిలో ఎప్పుడూ వెంట ఉండే తోటి మేస్త్రీ, పాలమూరు మనిషి, బావకంటే కాస్త చిన్నవాడు. ఇద్దరూ ఒకే బీడీ పంచుకునేవారు, ఒకే టిఫిన్ మూతలో పచ్చడి వేసుకుని తినేవారు. పొద్దున్నే రెండు సైకిళ్ళ మీద మాదాపూర్ రాళ్ళగుట్టల వైపు వెళ్ళిపోయేవారు. అప్పటికక్కడ గుట్టలు పేల్చి రోడ్లు వేస్తున్నారు. ఇంకా దుమ్ము లేస్తున్న నేల మీద అద్దాల భవనాలు ఒక్కొక్కటే మొలుస్తున్నాయి. అలాంటి ఒక భవనంలో వీళ్ళకు పని దొరికింది. కొత్త కంపెనీ కోసం ఎక్కడినుంచో లారీల్లో వచ్చిన బల్లలు, అల్మరాలు దారిలో వానకు తడిసి, దించేటప్పుడు దెబ్బలు తిని, అంచులన్నీ చెడిపోయాయట. వాటిని వెనక్కి పంపే వ్యవధి లేదు. అంతస్తుల నిండా వరసలు పెట్టి, పాత పట్టీ పీకి, ఎండిన జిగురు గీకి, ఉబ్బినచోట అరగదీసి, బోర్డుకూ పట్టీకీ జిగురు పూసి, అది కాస్త ఆరాక కలిపి అదిమి, ఎక్కడైనా మొండికేస్తే బట్ట వేసి ఇస్త్రీపెట్టెతో వేడి చేసి అతికించాలి. బల్లలకు కూడా బట్టలకు చేసినట్టు ఇస్త్రీ చేస్తున్నామని బావ ఇంటికొచ్చి చెబితే మేము చాలా సేపు నవ్వుకున్నాం. ఆ భవనం గోడలు పూర్తిగా అద్దాలు. అవి తెరుచుకోవు. ఏసీ ఇంకా పెట్టలేదు. దుమ్ము రాకుండా తలుపులు మూసే ఉంచమని ఆజ్ఞ. ఆ లోపల, మూతలు తీసిన జిగురు డబ్బాల మధ్య, ఎండాకాలం మొత్తం, వానలు పడ్డాక కూడా, వాళ్ళు పని చేశారు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ వాసన బావ జుట్టులోంచి, అంగీలోంచి, ఆఖరికి చెమటలోంచి కూడా వచ్చేది. తల తిరుగుతోందనేవాడు. అన్నం సయించేది కాదు. ఒకరోజు ఒంటి కాలి చెప్పుతో ఇల్లు చేరాడు. రెండోది ఏదంటే కిందికి చూసుకుని తనే ఆశ్చర్యపోయాడు. సైకిలు తొక్కుతుండగా ఎక్కడో జారిపోయింది, కాలికి తెలియలేదు. తాగి వచ్చావా బావా అని నేను ఆటపట్టించాను. బావ తాగడని అందరికీ తెలుసు కాబట్టి అది పెద్ద హాస్యం. తర్వాత వారంలో మళ్ళీ అదే జరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్క ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, షుగరేమోనని రక్తపరీక్ష చేయించింది. షుగరు లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఒక మధ్యాహ్నం బావ ఇస్త్రీపెట్టె దించి, పట్టీ అతికిందో లేదో చూడ్డానికి వంగాడు. ఎడమచెయ్యి వెనక్కి ఊతగా ఆనించాడు. ఆ చెయ్యి ఆనింది వేడి పెట్టె మీద. ఆయన తీయలేదు. ఎదురుగా ఉన్న జోడీకి ముందు చర్మం కాలుతున్న వాసన వచ్చింది, తర్వాత కనపడింది. అరిచి చెయ్యి లాగేశాడు. బావ ఆ చేతిని చూసుకుంటూ, ఏమైందిరా అని నెమ్మదిగా అడిగాడట. జోడీ ఆ రోజు కట్టు కట్టించి, సైకిలు తనే నడిపించి బావను ఇంటికి తెచ్చాడు. మా గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడ్డాడు. అక్క మంచినీళ్ళు ఇస్తే వద్దన్నాడు. మర్నాటి నుంచి ఇద్దరి టిఫిన్లు వేరయ్యాయి.

కాలినా నొప్పి తెలియలేదంటే ఆ రోజుల్లో అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే రోగం, కుష్టు. దాని పేరు ఎవరూ పైకి అనేవారు కాదు, పెద్దరోగం అనేవారు. జోడీ భార్య మా బకెట్టు తగిలిన చోట కుళాయి కడిగి పట్టుకోవడం మొదలుపెట్టింది. మేము బట్టలారేసిన తీగ మీద ఇంకెవరూ ఆరేయలేదు. కాంట్రాక్టరు, చెయ్యి మానేదాకా రావద్దని కబురు పంపాడు. ఇక ఎప్పటికీ రావద్దనే ఆ మాటకు అర్థమని మాకు తెలిసింది.

ఆ ఆదివారం అక్క చర్చికి వెళ్ళలేదు. బావను మంచం మీద పడుకోబెట్టి, కళ్ళకు తువాలు కట్టి, గుండుసూది తీసుకుంది. “నేను గుచ్చినప్పుడల్లా ఎక్కడో చెప్పండి,” అంది. బొటనవేలి నుంచి మొదలుపెట్టింది. పాదం, చీలమండ, పిక్క. ప్రతి చోటా ఆగి బావ మొహం చూస్తోంది. సూది గుచ్చిన చోటల్లా చిన్న రక్తపు చుక్క లేస్తోంది. బావ ఏమీ అనలేదు. కాసేపటికి ఆయన విసుక్కున్నాడు.

“ఇంక గుచ్చుతలేవేంది? ఎంతసేపు గిట్ల పండుకోవాలె?”

అక్క సూది పక్కన పెట్టి, ఆయన కళ్ళకు కట్టిన తువాలు విప్పకుండానే, అదే తువాలు కొసతో ఆయన కాళ్ళ మీది రక్తం తుడిచింది.

చర్మం పరీక్ష చేయించాం. పెద్దరోగం కాదన్నారు. అక్క ఆ మాట చెప్పడానికి ఇంటి యజమానురాలి దగ్గరకు వెళితే నేనూ వెంట వెళ్ళాను. ఆమె చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరం వస్తే కషాయం కాచి ఇచ్చింది. ఆ రోజు మాత్రం గడపకు అవతలే నిలబడి మాట్లాడింది.

“ఏమనుకోకు బిడ్డా. ఇంట్ల పసిపోరగాండ్లు ఉన్నరు. నెల నిండంగనే ఖాళీ చెయ్యుండ్రి.”

“ఆ రోగం కాదని డాక్టర్లు చెప్పారండి,” అంది అక్క.

“నువ్వు నర్సమ్మవు, నీకు ఎరుక. నలుగురికి నేనెట్ల చెప్పాలె?”

ఆసుపత్రిలో రోజూ అలాంటి భయాలకు జవాబు చెప్పే అక్కే, తన ఇంటి సంగతికొచ్చేసరికి తల వంచుకుని తిరిగొచ్చింది.

అక్క పనిచేసే చోట ఒక పెద్ద నర్సు చెబితే సర్కారు దవాఖానలో నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళాం. ఆయన మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు, నడిపించి చూశాడు, చివరకు ఏం పని చేస్తావని అడిగాడు. బావ చెప్పాడు. ఏ గదిలో, ఎన్ని నెలలుగా, కిటికీలున్నాయా, ఏ జిగురు అని ఒక్కొక్కటీ అడిగి, బావ అంగీ చేతిని దగ్గరకు లాక్కుని వాసన చూశాడు. ఆ జిగురు పలచగా ఉండడానికి కలిపే ద్రవం ఆవిరై, ఊపిరితో లోపలికి పోయి నరాలను తినేస్తుందని, చెప్పుల కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళలో ఇలాంటివి చూశానని చెప్పాడు. ఎవరికీ అంటుకోదు, ఆ పని మానేయడమే మందు అన్నాడు. మేము లేస్తుంటే ఇంకో మాట అన్నాడు. “మానేశాక కూడా కొన్నాళ్ళు ముదురుతుంది. అప్పుడు నా మాట మీద నమ్మకం పోగొట్టుకోకండి.”

బావ దవాఖాన నుంచి తిన్నగా జోడీ గదికి వెళ్ళాడు. తనకు రోగం ఏమిటో తెలిసిందనే సంతోషం కంటే, వాడికి చెప్పాలనే ఆత్రం ఎక్కువగా ఉంది ఆయనకు. తలుపు బయటే నిలబడి, ఇది తన రోగం కాదని, జిగురుదని, నువ్వు కూడా బంద్ చెయ్యి తమ్మీ అని చెప్పాడు. జోడీ లోపల అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. “నీ తాన ఉన్నది నాకెందుకు అంటగడ్తవన్నా?” అన్నాడు. బావ వెనక్కి తిరిగాడు. మా గదికొచ్చి గోడకు జారబడ్డాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు రావడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

నెల నిండకముందే నానక్‌రామ్‌గూడకు మారాం. అప్పుడది రాతిగోడల ఇళ్ళు, పశువుల కొట్టాలు ఉన్న పల్లె. బావకు వరసకు అన్న అయ్యే ఒకాయన గది ఇప్పించాడు. అక్కడ అడిగితే నరాల బలహీనత అని చెప్పేవాళ్ళం. డాక్టరు అన్నట్టే ముదిరింది. పాదాలు వాలిపోయాయి. నడుస్తుంటే గుర్రం కాలెత్తినట్టు మోకాళ్ళు పైకెత్తి వేసేవాడు. తర్వాత అదీ పోయి గోడ పట్టుకుని జరిగేవాడు. వేళ్ళు ముడుచుకోవు. ముద్ద కలిపితే నోటిదాకా వచ్చేలోపు జారిపోయేది. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు అక్క ఆయనకు స్నానం చేయించి, అంగీ తొడిగి, గుండీలు పెట్టి, అన్నం తినిపించి వెళ్ళేది. తన సామాను పెట్టె మీద బావ చెయ్యి వేసి కూర్చునేవాడు. అందులో ఉలి ఏదో చిత్రిక ఏదో కళ్ళతో చూస్తే తప్ప తెలియడం లేదని ఒకరోజు నాతో అన్నాడు. పనే మానేశాం కదా, ఇంకా ఎందుకు పెరుగుతోంది అని మా అమ్మ ఊరి నుంచి వచ్చి అడిగింది. డాక్టరు ముందే చెప్పాడమ్మా అని అక్క అనేది. అనేటప్పుడు ఆమె గొంతులో రోజురోజుకూ పట్టు తగ్గుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం అక్క తన కాలివేళ్ళను తనే సూదితో గుచ్చుకుంటుంటే నేను చూశాను. నన్ను చూసి సూది కొంగులో దాచింది.

చలికాలంలో ఒక పొద్దున జోడీ వచ్చాడు. షేర్ ఆటోలో దిగి, ఆ కాస్త దూరం నడవడానికి చాలాసేపు తీసుకున్నాడు. అంగీకి గుండీలు పెట్టుకోలేదు, పైన తువాలు చుట్టుకున్నాడు. అక్క అప్పుడే డ్యూటీకి బయల్దేరుతోంది. వాడు గుమ్మంలోనే కూలబడి, రెండు చేతులూ బావ ముందు చాపాడు. వేళ్ళు వంగిపోయి ఉన్నాయి.

“నీ తోటి తిన్నందుకు నాకంటించినవ్ అన్నా.” తిట్టడానికే వచ్చాడు.

బావ ఆ చేతులవైపు చూశాడు. తర్వాత గడ్డంతో అక్కను చూపించాడు.

“మీ వదినె దినాం నాకు అన్నం తినిపిస్తది. గుండీలు పెడ్తది. నా పక్కన్నే పంటది. అంటుకునేదైతే ముందుగాల ఆమెకు రావాలె గద తమ్మీ. ఆమెకెందుకు రాలే?”

జోడీ అక్క చేతులకేసి చూశాడు. బ్యాగు తాడు వేలికి చుట్టుకుని నిలబడి ఉంది అక్క. బాగున్న చేతులు. వాడు వాటిని చూసి, తన చేతులు చూసుకుని, మళ్ళీ వాటిని చూశాడు. బావ చెప్పినదంతా వాడికి ఆ క్షణాన ఎక్కింది. అన్ని నెలలూ అదే పని చేస్తూనే ఉన్నాడు పాపం. వేళ్ళు పట్టు తప్పేదాకా మానలేదు. నేను చాయ్ తెచ్చి ముందు పెడితే గ్లాసు పట్టుకోలేకపోయాడు. బావ జరిగి వెళ్ళి, తన మణికట్లు రెండింటి మధ్య ఆ గ్లాసును ఇరికించి ఎత్తి వాడి నోటికి అందించాడు. సగం వాడి గడ్డం మీద ఒలికింది. సగం తాగాడు.

అక్క కనపడకపోతే ఇంటి వెనక్కి వెళ్ళాను. పశువుల కొట్టం గోడకు తల ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నవ్వే అది, ఏడుపు కాదు. “అంటుకోదు. చూశావా, అంటుకోదు,” అంటోంది. ఇన్ని నెలలూ ఆమె ఆ డాక్టరు మాటను పైకి ఒప్పజెబుతూ లోపల ఎంత భయపడిందో అప్పుడు తెలిసింది నాకు. ఇంకో మనిషి చేతులు పడిపోయాయనే కబురు ఆమెకు విడుదల అయింది. నవ్వు ఆగాక తనే బిత్తరపోయి నావైపు చూసింది. ఆ రోజు గురించి మేమిద్దరం తర్వాతెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి కాంట్రాక్టరు దగ్గరకు వెళ్ళారు. ఆయన ఆ భవనం పని ముగించుకుని ఇంకో భవనానికి మారిపోయాడు. కొత్తవాళ్ళు ఎందరో పని చేస్తున్నారు, వాళ్ళకు లేనిది మీకే వచ్చిందా అన్నాడు. అప్పుడు బావ చేసిన పని నాకిప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. నడవలేని మనిషి, పొద్దున్నే ఆటో ఎక్కి, ఆ కొత్త భవనం గేటు ఎదురుగా ఒక బండరాయి మీద జోడీతో కలిసి కూర్చునేవాడు. పనిలోకి వెళ్ళే ప్రతి వడ్రంగికీ చేతులు చూపించి, తలుపులు తెరుచుకొని పని చెయ్యుండ్రి, తల తిరుగుతే బయటికి రాండ్రి అని చెప్పేవాడు. కొందరు ఆగి విన్నారు. కొందరు బిచ్చగాళ్ళనుకుని పక్కకు తప్పుకున్నారు. ఒకాయన మాత్రం అంతా ఓపికగా విని, “మరి ఏం పని చేసి బతకాలె అన్నా?” అని అడిగాడట. వాచ్‌మన్ వచ్చి లేపేదాకా అక్కడే కూర్చున్నారు. అలా కొన్నాళ్ళు వెళ్ళారు. ఆ భవనంలో పై అంతస్తు తలుపులు తర్వాత తెరిచి ఉంచారని విన్నాం. వీళ్ళ మాట వినో, ఉక్కపోతకో తెలియదు.

బావకు ఏడాది దాటాక పాదాల్లో కొంచెం కొంచెం బలం తిరిగొచ్చింది. నడిచాడు. తన ముద్ద తనే తిన్నాడు. వేళ్ళకు మాత్రం సన్నటి స్పర్శ మళ్ళీ రాలేదు. అక్క చీర పట్టుదో నూలుదో పట్టుకుంటే తెలిసేది కాదు. వడ్రంగం మానేసి ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో చేరి చాలా ఏళ్ళు చేశాడు. గుండెజబ్బుతో పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది. జోడీకి అంత అదృష్టం లేదు. ఎక్కువ రోజులు ఆ గాలి పీల్చినవాడు. పాలమూరు వెళ్ళిపోయి, రెండో వానాకాలంలో బావి దగ్గర తడి మెట్టు కాలికి తెలియక జారి లోపల పడి చనిపోయాడు. కబురు తెలిసి బావ ఒక్కడే బస్సెక్కి వెళ్ళాడు. తిరిగొచ్చాక అక్క అడిగితే, మట్టి వేసిన గానీ చేతికి ఏమీ తెలువలేదు అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ గుట్టలు పోయాయి, నానక్‌రామ్‌గూడ కొట్టాలు పోయాయి, నాకు కూడా ఆ రోజుల బాధ చాలా భాగం తెలియకుండా పోయింది. కాలం మనుషులను అలా మొద్దుబార్చడం ఒక దయ అని నా వయసువాళ్ళు అంటుంటారు. మొద్దుబారడమంటే ఏమిటో ఒక ఇంట్లో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి, దాన్ని దయ అనడానికి నాకు నోరు రాదు.